ఎలకపిట్టల బోర్డు మార్చేశాను

గత వారం నా పిట్టల కొట్టు ముందు ఎలకపిట్టలకి ‘కెన్యా మౌస్‌బర్డ్స్, అరుదైన ఉపజాతి’ అని బోర్డు పెట్టింది నేనే. నిన్న తీసేశాను. అడ్వాన్సు ఇచ్చిన ఇద్దరికీ ఫోన్ చేసి చెప్పాను. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి నుంచి వస్తూ పోతూ బోర్డు చూసినవాళ్ళకి ఇక్కడ చెబుతున్నాను.

జరిగిందేటంటే, పెంపకందారు దగ్గర నాలుగు పిట్టలు కొన్నాను. బిల్లు మీద ఆయన రాసిన ఉపజాతి పేరునే బోర్డుకెక్కించాను. ఆ పేరు చూపించి పిట్టకి వెయ్యి రూపాయలు ఎక్కువ వేశాను కూడా. తీరిగ్గా చూస్తే నాలుగూ ఒకదానితో ఒకటి కలవట్లేదు. మూడింటికి చెంపలు తెల్లగా ఉన్నాయి, నాలుగోదానికి మాసిన గుడ్డలా ఉన్నాయి. గొంతు మీద చారలూ తేడాయే.

జాతి వరకు అనుమానం లేదు. మౌస్‌బర్డ్‌లు మొత్తం ఆరు జాతులు, ఆరూ ఆఫ్రికావే. నా దగ్గరున్నవాటికి పై ముక్కు నలుపు, కింది ముక్కు లేత రంగు, మొహం నలుపు, తల మీద జుట్టు. అంటే స్పెకిల్డ్ మౌస్‌బర్డ్. నీలి మచ్చ మెడ మీద ఉండే జాతి వేరు. దాని పిల్లలకి ఆ మచ్చ ఉండదు కాబట్టి ఇవి ఆ పిల్లలేమోనని ఒకాయన గట్టిగానే అడిగారు, కానీ ముక్కు చూస్తే తేలిపోయింది.

చిక్కంతా ఉపజాతి దగ్గరే. ఈ ఒక్క జాతిలోనే 17 దాకా లెక్కిస్తారు. చెంప రంగు, కంటి రంగు, చారలు చూసి విడదీస్తారు గానీ పక్కపక్క ప్రాంతాలవి ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి. పిట్టని ఏ ప్రాంతంలో పట్టారో తెలిస్తేనే ఆ పేరుకి బలం. పంజరంలో తరాలుగా కలిపి పెంచినవాటికి ఆ ఊరూ పేరూ ఎక్కడివి? కాలి రింగు పెంపకందారుణ్ణి చెబుతుంది, అంతే. ‘ఈక పంపి డి.ఎన్.ఎ. చేయించు’ అన్నారు కొందరు. కొట్లవాళ్ళం చేయించే ఆ పరీక్ష ఆడా మగా చెబుతుంది. ఈ పిట్టల్లో రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి దానికి పనికొస్తుంది, నేనే చేయిస్తాను.

పేర్ల మోసం నాతోనే మొదలవలేదు లెండి. ఎర్రమొహం మౌస్‌బర్డ్‌కి శాస్త్రీయ నామంలో ‘ఇండికస్’ అని ఉంది, ఇండియా మొహమే చూడని పిట్టకి! మనం మాత్రం తక్కువా? తేలినీలాపురం గూడబాతుల్ని సైబీరియా పక్షులంటాం. అవి మన దేశపువే.

కొత్త బోర్డు మీద ‘స్పెకిల్డ్ మౌస్‌బర్డ్, ఉపజాతి చెప్పలేను’ అని ఉంది. వెయ్యి తగ్గించాను. అడ్వాన్సు వెనక్కి కావాలన్నా ఇస్తాను. ఒకరు తీసుకున్నారు, ఒకరు ఉంచమన్నారు.

ఇంకో మాట. ఒంటరి పిట్టని అమ్మను. ఇవి రాత్రిళ్ళు ఒకదానికొకటి అతుక్కుని, గుత్తిలా వేలాడి పడుకుంటాయి. గింజలు కాదు, పళ్ళూ ఆకులూ పెట్టాలి. బొప్పాయి, అరటి, జామ చాలు. పొద్దున్నే ఎండలో పొట్ట చూపించి వేలాడితే జబ్బనుకోకండి, అరుగుదలకి వెచ్చబెట్టుకుంటాయి. ఉద్దానం నుంచి అడిగిన బాబుగారూ, మీకు మాత్రం పంజరానికి ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులుంటేనే ఇస్తాను. ఆఫ్రికాలో ఇవి మొగ్గలూ పళ్ళూ కొరికేస్తాయని తోటలవాళ్ళు తిట్టుకుంటారు. మీ జీడితోటల్లోకి నా చేత్తో వదల్లేను.