నర్సింగ్ కాలేజీ ప్రిన్సిపాల్ గారికి బహిరంగ లేఖ: స్కిల్ ల్యాబ్ అందరికీ తెరవండి

తిరుపతి

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,

నమస్కారం. మా చెల్లెలు మీ కాలేజీలో బీఎస్సీ నర్సింగ్ చదువుతోంది. నేనూ స్టాఫ్ నర్సునే. మా వినతిపత్రాలకు జవాబు రాలేదు కాబట్టి విషయాన్ని అందరి ముందూ పెడుతున్నాను.

మీరు విద్యార్థుల చేత వార్క్ ప్రశ్నావళి నింపించారు. చూసి, విని, చదివి రాసి, చేసి నేర్చుకోవడంలో ఎవరికి ఏది ఇష్టమో తెలుసుకోవడానికి నీల్ ఫ్లెమింగ్, కొలీన్ మిల్స్ 1992లో ప్రతిపాదించిన పద్ధతి అది. అది అడిగేది ఇష్టాన్ని, కొలిచేది సామర్థ్యాన్ని కాదు. మీరు మాత్రం దాన్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టారు. ‘విని నేర్చుకునేవారు’ అని ముద్ర పడ్డవాళ్లకు స్కిల్ ల్యాబ్ (బొమ్మల మీద ప్రాక్టీసు చేసే గది) గంటలు తగ్గించి, లెక్చర్లు పెంచారు.

మా చెల్లెలు ఆ బ్యాచ్‌లోనే ఉంది. బొమ్మ చేతి మీద సరైన ప్రాక్టీసు లేకుండానే వార్డులో ఒక పెద్దావిడకు క్యాన్యులా (సెలైన్, మందులు ఎక్కించడానికి నరంలోకి పెట్టే సన్నని గొట్టం) పెట్టాల్సి వచ్చింది. నరం దొరకలేదు, చెయ్యి వాచింది. ‘పర్లేదులేమ్మా’ అని ఆవిడే ధైర్యం చెప్పారట. మా పిల్ల ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఇప్పుడు సూది పట్టుకుంటేనే టెన్షన్.

ఎవరు నేర్చుకునే శైలికి తగ్గట్టు వాళ్లకు బోధిస్తే బాగా నేర్చుకుంటారనడానికి తగిన ఆధారాలు లేవని మనస్తత్వ శాస్త్రవేత్త హెరాల్డ్ పాష్లర్ బృందం 2008లోనే తేల్చింది. విన్నంత మాత్రాన ఎవరికీ క్యాన్యులా పెట్టడం రాదు.

దయచేసి ఈ విభజన రద్దు చేయండి. ల్యాబ్ గంటలు అందరికీ సమానంగా ఇవ్వండి, సాయంత్రాలు ట్యూటర్‌ను ఉంచండి. బొమ్మ మీద చేసి చూపించాకే రోగి దగ్గరికి పంపండి. వచ్చే క్లినికల్ పోస్టింగ్‌లోగా రాతపూర్వకంగా జవాబివ్వండి.

ఇట్లు,
ఒక విద్యార్థిని అక్క, చిత్తూరు