ఇంగ్లిష్ వచ్చేదాకా సైన్స్ ఆపొద్దు

సంపాదకులకు నమస్కారం.

అమెరికా బడుల్లో కొత్తగా వలస వచ్చిన పిల్లల్ని సైన్స్ పీరియడ్‌లోంచి లేపి విడిగా ఇంగ్లిష్ నేర్పడం, లేకపోతే అదే క్లాసులో ఓ మూల వర్క్‌షీట్ ఇచ్చి వదిలేయడం ఇంకా జరుగుతోంది. ముందు భాష రానీ, సైన్స్ తర్వాత చూద్దాం అంటారు. ఇది చాలా తప్పు. స్నేహితులతో మాట్లాడే ఇంగ్లిష్ రెండేళ్లలో వచ్చేస్తుంది గానీ, పాఠం చదివి సొంతంగా జవాబు రాసే ఇంగ్లిష్‌కి ఐదు నుంచి ఏడేళ్లు పట్టొచ్చని జిమ్ కమ్మిన్స్ లాంటి పరిశోధకులు ఎప్పుడో చెప్పారు. ఏడో తరగతిలో వచ్చిన అమ్మాయి అన్నేళ్లు ఆగితే హైస్కూలే అయిపోతుంది, ఇక కెమిస్ట్రీ ఎప్పుడు నేర్చుకోవాలి?

నిజానికి భాష నేర్చుకోవడానికి సైన్స్ క్లాసే మంచి చోటు, ఎందుకంటే మాట్లాడాల్సిన వస్తువు కళ్లముందే ఉంటుంది. ఐసు నీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టి, బయట పట్టిన తడి ఎక్కడిదో కనుక్కోమనండి. గ్లాసు కారుతోందని ఒకరంటారు. సరే, నీళ్లలో రంగు కలిపి చూద్దాం. బయటి చుక్కలకు రంగు లేదే! మరి గాలిలోంచి వచ్చిందా? ఐసు లేని గ్లాసుకి ఎందుకు పట్టలేదు? తెలుగులోనో స్పానిష్‌లోనో వాదించుకోనివ్వండి, బొమ్మ గీసి బాణాలు పెట్టనివ్వండి, ఆ తర్వాత టీచర్ సగం రాసిచ్చిన ఇంగ్లిష్ వాక్యాన్ని వాళ్లే పూర్తి చేస్తారు. పిల్లలు సైన్స్‌లో ఏం నేర్చుకోవాలో చెప్పే ప్రమాణాలు, 2013లో అమెరికాలో వచ్చిన నెక్స్ట్ జనరేషన్ సైన్స్ స్టాండర్డ్స్ కూడా ఆధారం చూపించి వాదించడాన్ని సైన్స్ చదువులో భాగం చేశాయి.

నాకు ఎక్కువ బాధ కలిగించేది మార్కుల సంగతి. ఆవిరి చుక్కలుగా మారడం బొమ్మలో సరిగ్గా చూపించిన పిల్లాడికి గ్రామర్ తప్పని మార్కులు కోస్తే అది సైన్స్ పరీక్ష ఎలా అవుతుంది? అందరికీ ఒకే పుస్తకం, ఒకే టీచర్ ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదని ఇంగ్లిష్ రాని శాన్‌ఫ్రాన్సిస్కో చైనీస్ పిల్లల కేసులో, అదే లావ్ వర్సెస్ నికోల్స్‌లో, అమెరికా సుప్రీంకోర్టు 1974లోనే చెప్పింది.

మన తల్లిదండ్రులకు ఒక విన్నపం. బడిలో చేర్చేటప్పుడు ఇచ్చే హోమ్ లాంగ్వేజ్ సర్వేలో ఇంట్లో తెలుగే మాట్లాడతామని రాయడానికి కొందరు భయపడతారు. భయం వద్దు, ఉన్నదున్నట్టు రాయండి, ఆ ఫారం చూసే పిల్లలకు భాషా పరీక్ష పెట్టి సాయం ఇస్తారు. ఆ సాయం సైన్స్ పీరియడ్‌ని మింగేస్తోందా అన్నది మాత్రం తప్పక అడగండి. ఇంగ్లిష్‌లో అడగడం కష్టమైతే దుబాసీని పెట్టమనండి, ఆ బాధ్యత బడిదే.

— ఒక సైన్స్ టీచర్, న్యూజెర్సీ