మూలల దగ్గరే బయటపడే బీడింగ్ పని

సంపాదకులకు,

గృహాలంకరణ పేజీల్లో కార్నిస్ (గోడ, పైకప్పు కలిసేచోట బిగించే బీడింగ్ పట్టీ), స్కర్టింగ్ (గోడ అడుగున బిగించే పట్టీ) ఫోటోలు చక్కగా ఉంటున్నాయి. మూలలు కలపడం గురించి మాత్రం ఒక్క మాటా ఉండదు. పని చెడేది అక్కడే.

గోడలు కచ్చితంగా 90 డిగ్రీల్లో కలవడం అరుదు. అందుకే లోపలి మూలలో రెండు చెక్క ముక్కలనూ 45 డిగ్రీల్లో కోసి అతికిస్తే కొన్నాళ్లకే సందు విచ్చుకుంటుంది. మొదటి ముక్కను గోడకు తాకేలా నేరుగా కోయాలి. రెండోదాన్ని 45లో కోసి, కనిపించే వంపు అంచు వెంబడి సన్నని రంపంతో, వెనక్కి కాస్త వాలుగా చెక్కాలి. అది మొదటి ముక్క వంపుల మీద సరిగ్గా కూర్చుంటుంది, చెక్క కుంచించుకుపోయినా సందు అంతగా కనిపించదు. బయటి మూలకు ఈ పద్ధతి పనికిరాదు: కోణం కొలిచి సగం చేసి, రెండు ముక్కల చివరలూ ఆ కోణంలో ఉండేలా కోయాలి, 92 ఉంటే 46.

చెక్కను బిగించే ముందు రెండు మూడు రోజులు అదే గదిలో ఉంచాలి. ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలక) అయితే కోసిన అంచులకు ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) తప్పనిసరి, లేకుంటే తేమకు ఉబ్బుతుంది. సందుల్లో మామూలు సిలికాన్ వద్దు, దానిపై రంగు నిలవదు. అక్రిలిక్ సీలెంట్ వాడాలి.

ఫోటోల పక్కన ఈ కొలతలు, పద్ధతులు కూడా ప్రచురించమని మనవి.

– ఒక పాఠకుడు