ఫీజు చూసి వెనుదిరిగే ముందు

సంపాదకులకు నమస్కారం.

పీయూసీ (ఇంటర్) రెండో సంవత్సరం చదివే పిల్లలున్న బెంగళూరు తెలుగు ఇళ్లలో అమెరికా ప్రైవేటు విశ్వవిద్యాలయాల ప్రస్తావన వస్తే, అవి కోటీశ్వరుల పిల్లలకు గాని మనకెందుకు అనే మాటతోనే సాధారణంగా ఆ ప్రస్తావన ముగిసిపోతుంది. నేను ఈ నగరంలో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. చివరి తొమ్మిదేళ్లు విద్యా రుణాల పని చూసి పదవీ విరమణ చేశాను. ఆ మాటలో సగమే నిజమని, తక్కిన సగం తెలియక అర్హత ఉన్న పిల్లలు నష్టపోతున్నారని ఆ తొమ్మిదేళ్లలో నాకు అర్థమైంది. ఆ తక్కిన సగం గురించి మీ పాఠకులకు చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

హార్వర్డులో 2025-26 విద్యా సంవత్సరానికి ట్యూషన్, వసతి, భోజనం, ఇతర ఫీజులు కలిపి దాదాపు 87 వేల డాలర్లు, అంటే మన లెక్కలో 75 లక్షల రూపాయల దరిదాపు. ఈ అంకె చూసిన ఏ తండ్రైనా ఇంకో ముక్క చదవడు. అయితే అదే సంవత్సరం నుంచి అక్కడ అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, ఆస్తిపాస్తులు మామూలుగా ఉండి, కుటుంబ వార్షికాదాయం లక్ష డాలర్లు మించకపోతే డిగ్రీ విద్యార్థి ట్యూషన్‌తో పాటు వసతి, భోజనం, ఆరోగ్య బీమా ఖర్చులన్నీ విశ్వవిద్యాలయమే భరిస్తుంది. ఆదాయం 2 లక్షల డాలర్ల లోపు ఉంటే ట్యూషన్ ఫీజు ఉండదు. మొదటి సంవత్సరం చేరేటప్పుడు చలికోటు వంటివి కొనుక్కోవడానికని తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలకు 2 వేల డాలర్లు చేతికిస్తారు. ఈ సాయం విదేశీ విద్యార్థులకూ వర్తిస్తుంది. ఎం.ఐ.టి. కూడా 2025 నుంచి దాదాపు ఇవే పరిమితులు పెట్టింది. ప్రిన్స్‌టన్ అయితే 2001లోనే తన సాయంలోంచి అప్పు అనేదాన్ని పూర్తిగా తీసేసి, ఆ మేరకు తిరిగి కట్టనక్కర్లేని గ్రాంటు ఇవ్వడం మొదలుపెట్టింది. జీవితమంతా వాయిదాల పట్టికలు తయారుచేసిన నాబోటి వాడికి ఆ ఒక్క మార్పు విలువ ఎంతో వేరే చెప్పనక్కర్లేదు.

లక్ష డాలర్లంటే 85 లక్షల పైమాటే. బెంగళూరులో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో కూడా ఎక్కువ భాగం ఆ గీతకు లోపలే ఉంటాయి. అనంతపురం, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ చిన్న వ్యాపారాలు చేసుకునేవారి సంగతి చెప్పనే అక్కర్లేదు.

అసలు కష్టం వచ్చేది మరోచోట. కొన్నేళ్ల కిందట మదనపల్లె నుంచి వచ్చి కె.ఆర్. పురంలో స్టీలు సామాన్ల దుకాణం నడుపుకునే ఒకాయన, కూతురిని వెంటబెట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చారు. ఆ అమ్మాయికి అమెరికాలో పేరున్న ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది. మూలలకు పసుపు రాసిన కవరులోంచి ఇంటి దస్తావేజులు తీసి, ఆ ఆహ్వాన పత్రం పక్కనే జాగ్రత్తగా పెట్టారు. నాలుగేళ్లకు కావాల్సిన మొత్తం, ఆ ఇంటిని అమ్మినా వచ్చేది కాదు. సాయం కోసం దరఖాస్తు చేశారా అని అడిగాను. అమ్మాయి తన దరఖాస్తు ప్రతిని తీసి చూపించింది. ఆర్థిక సాయం కోరుతున్నారా అన్న ప్రశ్నకు ఎదురుగా ‘లేదు’ అని ఉంది. అవునంటే సీటు రాదని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారట. “ఇప్పుడు అడిగితే ఇవ్వరా సార్?” అన్నారు ఆయన. అమ్మాయి అక్కడే కూర్చుని విశ్వవిద్యాలయానికి రాసింది. దరఖాస్తు సమయంలో కోరని విదేశీ విద్యార్థికి నాలుగేళ్లలో ఎప్పుడూ సాయం ఇవ్వడం కుదరదని రెండు రోజుల్లో జవాబు వచ్చింది. ఇల్లు తాకట్టు పెట్టవద్దని నేనే ఆయనకు నచ్చజెప్పి పంపాను. అడగందే అమ్మైనా పెట్టదని మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు, కానీ ఇక్కడ అడగడానికి కూడా ఒక గడువుంటుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

కన్సల్టెన్సీ వాళ్లు చెప్పింది పూర్తిగా అబద్ధమని అనను. విదేశీ విద్యార్థి విషయంలో చాలా విశ్వవిద్యాలయాలు, స్టాన్‌ఫర్డ్‌తో సహా, సీటు ఇవ్వాలా వద్దా అని తేల్చేటప్పుడు ఆ విద్యార్థి సాయం అడిగాడా లేదా అన్నది కూడా చూస్తాయి. వాటిని ‘నీడ్ అవేర్’ అంటారు. కుటుంబ స్తోమతను అసలు చూడకుండా ప్రతిభను బట్టే సీటిచ్చి, ఆ తర్వాత ఎంత సాయం అవసరమో అంతా ఇచ్చేవి ‘నీడ్ బ్లైండ్’. విదేశీయుల విషయంలో ఇలా ఉండేవి ఒకప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే: హార్వర్డు, యేల్, ప్రిన్స్‌టన్, ఎం.ఐ.టి., ఆమ్‌హర్స్ట్. 2022లో డార్ట్‌మత్, బోడన్ కళాశాల ఈ పద్ధతికి వచ్చాయి, 2025లో చేరిన విద్యార్థుల నుంచి బ్రౌన్ కూడా వచ్చింది. ఇలాంటి చోట ‘అవును’ అని రాయడం వల్ల పోయేదేమీ లేదు. మిగతా చోట్ల కూడా, సాయం లేకుండా చేరలేని బిడ్డ ‘లేదు’ అని రాసి తెచ్చుకున్న సీటు ఎందుకు పనికొస్తుందో తల్లిదండ్రులు ఒక్క క్షణం ఆలోచించాలి.

ఇక కాగితాల సంగతి. చాలా ప్రైవేటు విశ్వవిద్యాలయాలు సాయం కోసం సి.ఎస్.ఎస్. ప్రొఫైల్ అనే దరఖాస్తు అడుగుతాయి. అందులో జీతం ఒక్కటి రాస్తే సరిపోదు. బ్యాంకు నిల్వలు, సొంత ఇల్లు, ఊళ్లో పొలం, శివార్లలో కొన్న ప్లాటు, వ్యాపారం, ఉన్న అప్పులు అన్నీ రాయాలి. రూపాయల్లోనే రాయవచ్చు. అన్నదమ్ముల మధ్య పంపకాలు కాని పొలానికి ఎంత విలువ వేయాలన్న దగ్గర మనవాళ్లు తడబడతారు; పట్టా ఎవరి పేరున ఉందో, మన వాటా ఎంతో విడిగా ఒక లేఖలో వివరించి జతచేయడం మంచిది. బ్యాంకు రుణానికి ఆదాయం పెంచి, సాయానికి తగ్గించి చూపే సలహాలు ఎవరిచ్చినా వినకూడదని గట్టిగా చెబుతున్నాను. ఆదాయపు పన్ను రిటర్నులు కూడా అడుగుతారు. రెండు కాగితాలు పొసగకపోతే సీటే పోవచ్చు.

ఈ సంస్థలు ఎంతో ఉదారమైనవని రాసి ఊరుకుంటే అది పూర్తి నిజం కాదు. హార్వర్డు నూటికి ఐదుగురిని కూడా చేర్చుకోదు. ఒకే రకమైన పరీక్ష మార్కులున్నా మధ్యతరగతి పిల్లల కన్నా అత్యంత సంపన్నులైన ఒక్క శాతం కుటుంబాల పిల్లలకు ఐవీ లీగ్ (హార్వర్డు వంటి ఎనిమిది పాత ప్రైవేటు విశ్వవిద్యాలయాల కూటమి) స్థాయి విశ్వవిద్యాలయాల్లో చేరే అవకాశం రెట్టింపుకు పైగా ఉందని ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం 2023లో లెక్కతేల్చింది. లోపలికి వచ్చిన పేద విద్యార్థి పట్ల చూపే ఉదారత గుమ్మం దగ్గర లేదన్నమాట. అలాగే, సాయం లెక్కించే పద్ధతిని కూడబలుక్కుని విద్యార్థులకు దక్కాల్సింది తగ్గించారని 2022లో పదహారు ప్రైవేటు విశ్వవిద్యాలయాల మీద అక్కడ దావా పడింది. చాలా సంస్థలు తప్పు ఒప్పుకోకుండానే డబ్బు చెల్లించి రాజీపడ్డాయి. సాయానికి ఆధారమైన మూలనిధుల (దాతలిచ్చిన సొమ్ముతో విశ్వవిద్యాలయాలు పెట్టుబడి పెట్టుకున్న నిధుల) ఆదాయం మీద 2017లో 1.4 శాతం పన్ను వేశారు. 2025 చట్టంతో అది అత్యంత సంపన్న సంస్థలకు 8 శాతానికి పెరిగింది. ఇప్పుడున్న పరిమితులు ఇలాగే ఉంటాయన్న భరోసా లేదు కాబట్టి ఏ ఏటి నిబంధన ఆ ఏడే చూసుకోవాలి.

మరో ముఖ్యమైన సంగతి, ఈ సాయమంతా ఇంటర్ తర్వాత చేరే డిగ్రీకే. మన పిల్లల్లో ఎక్కువ మంది వెళ్లే ఎం.ఎస్. కోర్సులకు ఇది వర్తించదు. మా బ్యాంకులో రుణాలు తీసుకున్నవారిలో అత్యధికులు ఎం.ఎస్. విద్యార్థులే. అసలైన సాయం దొరికే దశను వదిలేసి, అలాంటిది దొరకని దశలో 40 లక్షలు అప్పు చేస్తున్నామన్న బాధ నన్ను ఇప్పటికీ వదలదు.

మన దగ్గరి ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో ‘స్కాలర్‌షిప్’ అనేది చాలావరకు ర్యాంకును బట్టి ఇచ్చే ఫీజు రాయితీయే, ఇంటి స్తోమతతో దానికి సంబంధం ఉండదు. ఇదే బెంగళూరులో సర్జాపుర దగ్గరున్న అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం కుటుంబ ఆదాయాన్ని బట్టి ట్యూషన్‌కే కాక వసతి, భోజనాలకు కూడా సాయం చేస్తోంది. ఈ పద్ధతిని తక్కినవి కూడా ఎందుకు పాటించవని అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది.

మీ పత్రిక చదువుల పేజీలో విశ్వవిద్యాలయాల ర్యాంకులు, ఫీజులు క్రమం తప్పకుండా వస్తున్నాయి. ఆ ఫీజు పక్కనే విదేశీ విద్యార్థికి సాయం ఉందా, అది గ్రాంటా అప్పా, అడిగితే సీటు మీద ప్రభావం ఉంటుందా, అడగడానికి చివరి తేదీ ఎప్పుడు అన్న వివరాలు కూడా ముద్రించవలసిందిగా కోరుతున్నాను. నవంబరు మొదటి వారం నుంచే గడువులు మొదలవుతాయి కనుక, ఆ వివరాలు దసరా లోపు వస్తే ఈ ఏటి పిల్లలకే అందుతాయి.

భవదీయుడు,
ఒక విశ్రాంత బ్యాంకు అధికారి,
మహదేవపుర, బెంగళూరు