మెట్టెలు తొడిగిన ఆయమ్మకు

నిన్న సాయంత్రం బయాప్సీ రిపోర్టు వచ్చింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ లేదు. దానికి ముందు మెట్టు దగ్గరే దొరికిపోయింది. ఆరు నెలలకు మళ్లీ పరీక్షకు రమ్మన్నారు. ఒంట్లో ఓపిక లేదు కానీ ఇది రాయకపోతే ఈ రాత్రి కూడా నిద్ర పట్టదు. ఒకావిడకు థాంక్స్ అన్న ఒక్క మాట చెప్పకుండా ఆసుపత్రి నుంచి వచ్చేశాను.

నాకు చేసిన చికిత్సలో సన్నటి తీగతో గర్భాశయ ముఖద్వారం దగ్గర చెడిన పొరను తీసేస్తారు. తీగలో కరెంటు ఉంటుంది కాబట్టి ఒంటి మీద లోహం ఉండకూడదట. తాళి, గాజులు తీసి మా ఆయన చేతికిచ్చాను. మెట్టెలు మాత్రం రాలేదు. పెళ్లయి 19 ఏళ్లు, వేళ్లు లావెక్కి అవి లోపలికి దిగిపోయాయి. ‘కత్తిరిద్దామా?’ అని సిస్టర్ విసుక్కుంది. వరండా తుడుస్తున్న ఆయమ్మ కర్ర గోడకు ఆనించి, చేతులు కడుక్కుని, సబ్బు నురగతో వచ్చి కింద కూర్చుని నా కాలు ఒళ్లో పెట్టుకుంది. పెద్దవారు, వద్దండీ అని వెనక్కి లాక్కున్నాను. ‘ఊరుకోండమ్మా, మంచుగడ్డల్లా ఉన్నాయి’ అంటూ ముందు రెండు పాదాలూ వేడెక్కేదాకా రుద్దింది. ఆ తర్వాత ఒక్కో మెట్టె తిప్పుతూ తీసింది. నాలుగూ నాకు లెక్క చూపించి కొంగున ముడి వేసుకుంది.

పావుగంటలో అయిపోయింది. బయటికి తెచ్చాక ఆవిడే ముడి విప్పి, తుడిచి, మళ్లీ తొడిగింది. ‘మా చెల్లెలు సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోలేదమ్మా. మీరు వచ్చారు’ అంది. అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు ఇక ఆగలేదు. పెళ్లిపీటల మీద తప్ప నా కాళ్లు ఎవరూ పట్టుకోలేదు. ఆవిడ పేరు కూడా అడగలేదు.

మా ఆయన, అత్తయ్య, పిల్లలు... వాళ్లకు థాంక్స్ ఇంట్లోనే చెప్పుకుంటాను.

ఒక్క మాట మాత్రం అనకుండా ఉండలేను. రెండు సిజేరియన్లు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, ఏటా థైరాయిడ్ పరీక్ష. ఇన్నేళ్లలో ఎంతమంది డాక్టర్లను చూశానో, ఈ క్యాన్సర్‌ను ముందే పసిగట్టే పాప్ స్మియర్ పరీక్ష అన్న మాట ఒక్కరి నోటా వినలేదు. నెల మధ్యలో మరకలు కనిపిస్తున్నాయంటే మొదట వెళ్లిన చోట పరీక్ష లేదు, ఏమీ లేదు. ‘ఇద్దరు పిల్లలున్నారుగా, గర్భసంచి తీయించేసుకోండి’ అని ఖర్చు అంచనా రాసిచ్చారు. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం దేశంలో ఎక్కువగా ఉన్నది మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 30 నుంచి 49 ఏళ్ల వాళ్లలో ఈ క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ఇద్దరు కూడా లేరు. ఈ జబ్బు ముదరడానికి పదేళ్లు, పదిహేనేళ్లు పడుతుందట. అంత వ్యవధి ఉన్నా ఎవరికీ చెప్పే తీరిక లేదు. కోయడానికి మాత్రం అందరికీ తీరికే.

ఈ జబ్బుకు కారణం హెచ్‌పీవీ అనే వైరస్, కలయిక ద్వారా సోకుతుంది అనగానే నేనూ మా ఆయనా మొహమొహాలు చూసుకుంటే, కాపురం చేసేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకేదేనని, ఎవరూ ఎవరినీ అనుమానించక్కర్లేదని నవ్వుతూ చెప్పిన డాక్టరమ్మకు నమస్కారం.

అయ్యో, అసలు పరీక్షకు లాక్కెళ్లిన పక్క ఫ్లాట్ అక్కను మరిచాను! రిపోర్టు కోసం మూడుసార్లు మెట్లెక్కి దిగిన ల్యాబ్ అబ్బాయి, ప్రతి గుంత దగ్గరా బండి నెమ్మది చేసిన ఆటో అన్న కూడా.

ఆయమ్మ కోసం ఫోను చేస్తే ‘ఏ ఆయమ్మ? ఇక్కడ చాలామంది ఉన్నారు’ అన్నారు. సోమవారం నేనే వెళ్తున్నాను.