ఆరు టికెట్లు, ఒక ఎండిన వాగు

కస్టమర్ కేర్ విభాగం వారికి,

అయ్యా (లేక అమ్మా, నాలుగు నెలల్లో మీలో ఒక్కరి ముఖమైనా చూసుంటే తెలిసేది),

మా పెరటి కొలనుకు మీరు కట్టిన వాగు, జలపాతం నీళ్లు కారిపోతున్నాయని కనుమ మర్నాడు మొదటి ఫోన్ చేశాను. ఇప్పుడు ఇంట్లో ఆవకాయకు ముక్కలు కొడుతున్నారు.

మొదటి అమ్మాయి "లైన్లో ఉండండి సార్" అని ఇరవై రెండు నిమిషాలు సంగీతం వినిపించింది. రెండో అబ్బాయి, ఎండకి ఆవిరైపోతున్నాయన్నాడు. జనవరిలో! మూడో ఆయన ఒక్కడే పనికొచ్చే మాట చెప్పాడు: కొలను నీళ్లను వాగులోకి ఎక్కించే పంపును ఒక రాత్రి ఆపి చూడమని. చూశాను. ఆపితే కొలనులో నీళ్లు ఉన్నచోటే ఉన్నాయి. నడిపితే తెల్లారేసరికి బెత్తెడు దిగాయి. అంటే చిల్లు కొలనులో లేదు, వాగులో రాళ్ల కింద నీళ్లు ఇంకకుండా పరిచిన షీటులోనో దాని అంచులోనో ఉంది. రిటైరైన తెలుగు మాస్టారికి ఇంతవరకు అర్థమైంది. అది చెబుదామని మళ్లీ చేస్తే నాలుగో ఆవిడ, "ఏ పంపు సార్? కొత్త టికెట్ తీస్తాను" అంది.

ఆ తర్వాత టెక్నీషియన్ వస్తాడన్నారు. పొద్దుటి నుంచి అరుగు మీదే కూర్చున్నాను, భోజనం కూడా అక్కడికే తెప్పించుకున్నాను. సాయంత్రం మెసేజ్: "మా టెక్నీషియన్ మీ సమస్యను పరిష్కరించారు. రేటింగ్ ఇవ్వండి." ఒక్క స్టార్ ఇచ్చాను. పది నిమిషాల్లో ఫోన్! నాలుగు నెలల్లో మీ అంతట మీరు చేసింది అదొక్కటే. "ఆ స్టార్ కొంచెం మార్చగలరా సార్?"

మిమ్మల్ని కాలనీ అంతా పొగిడింది నేనే. నా మాట మీదే రాజమండ్రిలో మా బావమరిది కూడా మీకే పని ఇచ్చాడు. ఇప్పుడు ఫోన్ చేసినప్పుడల్లా "బావా, జలపాతం ఎలా ఉంది?" అని నవ్వుతాడు. పంపు ఆపేశాక తెల్లవారుజామున చేపలు గాలి చాలక పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే, గాలి మోటారు నా డబ్బుతో కొని పెట్టాను. కడియం నుంచి తెచ్చిన కలువలకు మాత్రం ఏ లోటూ లేదు, వాటికి కదలని నీళ్లే ఇష్టం.

ఎవరైనా వచ్చి రాళ్లు లేపి చూడండి. లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉండనే ఉంది. మా అల్లుడు లాయరు కాదు గానీ, అతని స్నేహితుడు లాయరే.

టికెట్ నంబర్లు ఆరూ వెనక పేజీలో రాశాను. ఏడోది ఇవ్వకండి.

ఇట్లు,
మీ రికార్డింగు పిలిచే "విలువైన కస్టమర్"