బీటలు చూసి కాదు, అదురు కొలిచి చెప్పమనండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది చంద్రపూర్ జిల్లా రాజూరా. ఓపెన్ కాస్ట్ బొగ్గు గనిలో షాట్ ఫైరర్‌గా, అంటే పేలుడు మందు పెట్టి పేల్చే పని చేసి రిటైరయ్యాను. ఇక్కడి పల్లెల్లో బ్లాస్టింగ్‌కు ఇళ్లు బీటలు వారుతున్నాయని మీరు వార్త వేశారు, చాలా సంతోషం. కానీ "పేలుడు ఒత్తిడికి గోడలు పగిలాయి" అని రాశారు, అది సరికాదు.

రాయి అయినా ఇటుక గోడ అయినా నొక్కితే ఎంతో ఓర్చుకుంటుంది, లాగితే ఓర్చుకోదు. రాతికి లాగుడును తట్టుకునే బలం నొక్కుడును తట్టుకునే బలంలో సుమారు పదో వంతే. గనిలో మా పనంతా దీని మీదే నడుస్తుంది. రంధ్రంలో మందు పేలగానే చుట్టూ కొద్ది మేర రాయి పిండవుతుంది, మిగతా దెబ్బ అలలాగా బెంచి ముఖం (మెట్టులా తవ్విన బండకు బయటి అంచు) దాకా పోతుంది, అవతల గాలి తప్ప ఏమీ లేదు కాబట్టి వెనక్కి మళ్లుతుంది, మళ్లేటప్పుడు నొక్కుడు కాస్తా లాగుడుగా మారి రాతిని పొరలుగా విడదీస్తుంది. ఆ పగుళ్లలోకి గ్యాసు దూరి బండను ముందుకు తోస్తుంది. బెర్‌ట్రమ్ హాప్కిన్సన్ అనే ఇంగ్లండ్ ఇంజనీరు వందేళ్ల కిందటే ఉక్కు పలక మీద ఇది చూపించాడు. ఒక పక్క మందు పేలిస్తే రెండో పక్క నుంచి బిళ్ల ఊడి ఎగిరింది!

ఇళ్ల దాకా వచ్చేసరికి ఆ షాక్ ఉండదు, నేల అదురే మిగులుతుంది. పునాది కదిలినంత వేగంగా పైకప్పు కదలదు, ఆ తేడాకు గోడ ఏటవాలుగా లాగుడు పడి తలుపు, కిటికీ మూలల్లో బీట మొదలవుతుంది. అయితే మా నల్లరేగడి నేల ఎండకు కుంచించుకుపోయినా ఇలాంటి బీటలే వస్తాయి. మా చెల్లెలు ఫిర్యాదు ఇస్తే గని ఆఫీసులో "నేల గుణం" అని పంపించేశారు. ఆ మాట నిజం కావచ్చు, కాకపోవచ్చు, కొలవకుండా ఎలా చెప్తారు?

కొలవడానికి రూలు ఉంది. గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్ 1997 సర్క్యులర్ ప్రకారం గనికి చెందని ఇళ్ల దగ్గర అదురు 8 హెర్ట్జ్ (సెకనుకు 8 ఊపులు) లోపైతే నేల కదిలే వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 హెర్ట్జ్ దాకా 10, ఆపైన 15 దాటకూడదు. నెమ్మదిగా ఊగే అదురు ఇంటి సొంత ఊపుతో కలిసిపోతుంది, అందుకే దానికి హద్దు తక్కువ. మందు మొత్తం ఎంత వేశారని కాదు, ఒక్కో డిలేకు (రంధ్రాలను కొద్ది తేడాతో వరసగా పేలుస్తారు, అందులో ఒక్కో విడతకు) ఎన్ని కిలోలు పేల్చారు, ఇల్లు ఎంత దూరం, ఈ రెండే ముఖ్యం. మీ విలేకరి ఆ లెక్కలూ, ఇళ్ల దగ్గర తీసిన మీటర్ రీడింగులూ అడిగి పేపర్లో వేయాలి.

ఇక్కడ పేల్చే ముందు మధ్యాహ్నం రెండింటికి సైరన్ వేస్తారు. ఎవరినైనా పంపండి, చెల్లెలి ఇంటి దగ్గర నేనుంటాను.

– ఒక రిటైర్డ్ షాట్ ఫైరర్, రాజూరా